విలేకరిని వేదిక మీద కూర్చోబెట్టేటప్పుడు: వరల్డ్‌కాన్ కార్యక్రమ నిర్వాహకులకు బహిరంగ లేఖ

2026 ఆగస్టు 27 నుంచి 31 వరకు కాలిఫోర్నియాలోని అనహైంలో జరగనున్న వరల్డ్‌కాన్ సభ 'ఎల్.ఎ.కాన్ 5' కార్యక్రమ విభాగం వారికి, ఆ తరువాతి ఏడు మాంట్రియల్‌లో ఇదే బాధ్యత మోయబోయే వారికి,

నమస్కారం.

నేను తెలుగు దినపత్రికలో ట్రెయినీ ఉపసంపాదకుడిగా చేరి, చాలా ఏళ్ళు సైన్సు పేజీ చూసి, పదవీ విరమణ చేసిన పాత్రికేయుణ్ణి. ప్రస్తుతం కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. సైన్స్ ఫిక్షన్ సభల్లో కొన్ని చర్చల్లో వక్తగా కూర్చున్నాను, అంతకంటే చాలా ఎక్కువ చర్చలు వెనక వరసలో కూర్చుని విన్నాను. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా ప్రచురించడానికి కారణం, ఇందులోని మాటలు కొన్ని అమెరికాలో ఏటా పెద్ద ఎత్తున మహాసభలు జరిపే మన తెలుగు సంఘాల వారికీ పనికొస్తాయని అనుకోవడం.

మీ సభ గురించి తెలియని మా పాఠకుల కోసం కొంత వివరం చెప్పక తప్పదు. వరల్డ్‌కాన్ అనే ఈ ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ 1939లో న్యూయార్క్‌లో సుమారు 200 మంది అభిమానులతో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం వల్ల 1942 నుంచి 1945 వరకు ఆగి, మళ్ళీ మొదలై, నేటిదాకా ఏటా ఏదో ఒక నగరంలో జరుగుతోంది. ఇది ఏ కంపెనీయో లాభం కోసం నడిపే ఉత్సవం కాదు. రుసుము కట్టినవారు సభ్యులు. రాబోయే సభ ఏ ఊళ్ళో జరగాలో ఓటు వేసి తేల్చేది ఆ సభ్యులే, 1953 నుంచి ఇస్తున్న హ్యూగో పురస్కారాలకు పుస్తకాలను ప్రతిపాదించేదీ విజేతలను ఎన్నుకునేదీ వారే. గుమ్మం దగ్గర బ్యాడ్జీలు చూసేవారి నుంచి సభ అధ్యక్షుల దాకా అందరూ జీతం తీసుకోకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకులు. అయిదు రోజుల్లో వందల చర్చలు జరుగుతాయి. ఒక్కో చర్చకు పొడవాటి బల్ల, దాని వెనక నలుగురో అయిదుగురో వక్తలు, వారి ముందు పేర్లు రాసి నిలబెట్టిన అట్టముక్కలు, చర్చ నడిపించే ఒక మోడరేటరు, గంటకు కాస్త తక్కువ సమయం. వక్తలకు పారితోషికం ఉండదు. చాలామంది తమ సభ్యత్వ రుసుము తామే కట్టుకుని వచ్చి మాట్లాడతారు. ఇంత వ్యవహారాన్ని సొంత ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో నడిపే మీ శ్రమ పట్ల గౌరవం ఉంది కనకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను అడుగుతున్నది ఒక్కటే. అనుభవజ్ఞుడైన పాత్రికేయుణ్ణి మీ చర్చావేదిక మీదికి పిలిచినప్పుడు, ఏ పని చేసి అతను అనుభవజ్ఞుడయ్యాడో ఆ పని కోసం పిలవండి. ఆ పని భవిష్యత్తు చెప్పడం కాదు, పెద్దవాళ్ళతో దిగిన ఫొటోల కథలు చెప్పడం అంతకన్నా కాదు. విన్నది నిజమో కాదో ఎలా తేల్చాలి, తేలనిదాన్ని ఎలా రాయాలి, రాసింది జనంలోకి వెళ్ళాక ఏమవుతుంది అన్న మూడు సంగతులు అతనికి తెలుసు. సైన్స్ ఫిక్షన్ రాసేవారికీ చదివేవారికీ ఈ మూడూ కావలసినవే, సభలు నడిపేవారికి మరీ కావలసినవి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. మా తెలుగు సభల్లో సీనియర్ పాత్రికేయుడికి శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, రెండు నిమిషాలు మాట్లాడమని మైకు ఇస్తారు. ఆయన పెళ్ళిలో వచ్చిన పెద్దమనిషిలా నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోతారు. మీ సభల్లో శాలువా లేదు కానీ తీరు దాదాపు అదే. పాత్రికేయుడు దొరికాడంటే అతన్ని 'మీడియా ఎటు పోతోంది' అన్న చర్చలో పడేస్తారు, అక్కడ అందరూ కలిసి పత్రికలు చచ్చిపోతున్నాయని బాధపడతారు, గంట గడుస్తుంది. లేదంటే అతని వృత్తిని పక్కన పెట్టి పుట్టుకను చూస్తారు. ఒక ప్రాంతీయ సభలో నేను దరఖాస్తులో అంతరిక్ష వార్తలు, విజ్ఞాన రచన, పుకార్లు అని మూడు అంశాలు స్పష్టంగా రాస్తే, నన్ను భారతీయ పురాణాల్లో విమానాల మీద చర్చలో వేశారు. పురాణాలు నాకు ఇష్టమే. కానీ నేను ఏళ్ళ తరబడి పేజీలో పెట్టింది శ్రీహరికోట ప్రయోగాల వార్తలు, తీసి పక్కన పడేసింది పుష్పకవిమానం ఏ ఇంధనంతో నడిచిందో తేల్చిన వ్యాసాలు. ఆ చర్చలో ఎదురుగా కూర్చున్నవారు ఆశపడి వచ్చింది రెండో రకానికి, నా దగ్గర ఉన్నది మొదటి రకం. వాళ్ళకూ నాకూ ఆ గంట వృథా.

పాత్రికేయుడి దగ్గర ఏముంటుందో ఒక సంఘటనతో చెబుతాను. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కక్ష్య తప్పి భూమి మీద పడబోతున్నప్పుడు నేను పత్రికలో కొత్తగా చేరాను. దాని బరువు సుమారు 77 టన్నులు; ఎక్కడ పడుతుందో కచ్చితంగా చెప్పలేమని నాసా చెబుతోంది. మా డెస్కులో టెలిప్రింటరు మీద వచ్చిన ఏజెన్సీ వార్తలో ఒక మనిషికి దెబ్బ తగిలే అవకాశం ఎంత తక్కువో లెక్క ఉండేది, ముక్కలు పడే అవకాశం ఉన్న అక్షాంశాల మధ్య భారతదేశం కూడా ఉందన్న వాక్యమూ ఉండేది. ఊళ్ళకు చేరింది రెండో వాక్యం ఒక్కటే. తెలుగునాట చాలా పల్లెల్లో ప్రపంచం అంతమైపోతోందని నమ్మి కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారు, గొడ్డూగోదా అమ్ముకున్నవారూ ఉన్నారు, అప్పులవాళ్ళను రేపు రమ్మని నవ్వుతూ పంపేసినవారూ ఉన్నారు. ఆఫీసు ఫోను మోగితే చాలు అవతల ఒకటే ప్రశ్న: 'మా ఊరి మీద ఎన్నింటికి పడుతుందండీ?' ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదని చెబితే అవతలి మనిషి నమ్మడు, తెలిసీ దాస్తున్నారనుకుంటాడు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోనూ ముక్కలై పడింది. అక్కడ ఎస్పెరాన్స్ స్థానిక పాలకులు చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు, వేళాకోళానికే అనుకోండి. మా జిల్లాల్లో మాత్రం పశువును అమ్ముకున్నవాడికి ఆ పశువు తిరిగి రాలేదు.

ఆకాశం నుంచి ఏదో పడడం, ఎవరో దిగడం మీ సాహిత్యంలో ఎప్పటి నుంచో ఉన్న కథావస్తువు. కానీ చాలా కథల్లో ఆ వార్త ఒక్క క్షణంలో భూమి మీద అందరికీ ఒకేలా చేరిపోతుంది. తెర మీద ఒక అధ్యక్షుడు మాట్లాడతాడు, ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూస్తుంది. వార్త అలా ప్రయాణించదని డెస్కులో ఒక్క రాత్రి పనిచేసినవారికి తెలుసు. అది సగం సగం చేరుతుంది, మారుతూ చేరుతుంది, కొన్నిచోట్లకు సవరణ ముందు వెళ్ళి అసలు వార్త తరవాత వెళుతుంది. మొదటి ఎడిషన్ బస్సెక్కి వెళ్ళిపోయాక తెలిసిన నిజం ఆ ఎడిషన్ చదివే ఊళ్ళకు మర్నాడు గానీ అందదు. ఇప్పుడు బస్సు స్థానంలో వాట్సాప్ వచ్చింది, సవరణ వెనకబడడం మాత్రం తగ్గలేదు. గ్రహాంతరవాసులతో తొలి పరిచయం మీద చర్చ పెట్టినప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒకరు, భాషాశాస్త్రవేత్త ఒకరు, ఇద్దరు నవలాకారులు బల్ల దగ్గర ఉంటారు. వారి పక్కన, ఇలాంటి వార్తను రాత్రి పదకొండు గంటలకు చేతిలోకి తీసుకుని శీర్షిక పెట్టవలసి వచ్చిన మనిషికి ఒక కుర్చీ వెయ్యండి.

అలాంటి రాత్రులు ఊహాజనితం కూడా కాదు. అంగారక గ్రహం నుంచి వచ్చి అంటార్కిటికాలో దొరికిన ఒక ఉల్కలో ప్రాచీన జీవం ఆనవాళ్ళు ఉన్నట్టున్నాయన్న పరిశోధన 1996 ఆగస్టు మధ్యలో సైన్స్ పత్రికలో రావలసి ఉండగా, సంగతి ముందే బయటికి పొక్కడంతో ఆగస్టు 7న హడావిడిగా విలేకరుల సమావేశం పెట్టవలసి వచ్చింది. ఆ రోజే అధ్యక్షుడు క్లింటన్ కూడా దాని గురించి మాట్లాడారు. తరవాతి కాలంలో చాలామంది శాస్త్రజ్ఞులు అవి జీవం ఆనవాళ్ళన్న అభిప్రాయంతో విభేదించారు. భూమి బయటి నుంచి సంకేతం అందితే ముందు ఇతర పరిశోధకులతో సరిచూసుకోవాలి, నిర్ధారణ అయ్యాక దాచకుండా ప్రకటించాలి అని 1989లోనే అంతర్జాతీయ వ్యోమయాన శాస్త్ర అకాడమీ ఒక ప్రకటన తయారు చేసింది. ఆ కాగితానికీ ఆగస్టు 7 నాటి హడావిడికీ మధ్య ఉన్న ఖాళీలో ఏమేం జరుగుతాయో మీ రచయితలకు చెప్పగలిగింది పాత్రికేయులే. ఉల్క వార్త వచ్చిన మూడు వారాలకే మీ వరల్డ్‌కాన్ ఇదే అనహైంలో జరిగింది. ముప్ఫై ఏళ్ళ తరవాత అదే ఊళ్ళో సభ జరుగుతున్నప్పుడు ఆ ఆగస్టు మీద ఒక చర్చ పెట్టడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదని నా అభిప్రాయం.

నేను కోరుతున్నది కొత్త సంప్రదాయమేమీ కాదు. 1969లో మనిషి చంద్రుడి మీద అడుగు పెట్టినప్పుడు సీబీఎస్ టెలివిజన్‌లో వాల్టర్ క్రాంకైట్ తన పక్కన ఆర్థర్ సి. క్లార్క్‌ను కూర్చోబెట్టుకున్నారు, రాబర్ట్ హైన్‌లైన్ కూడా ఆ ప్రసారంలో మాట్లాడారు. విలేకరి తన బల్ల దగ్గరికి సైన్స్ ఫిక్షన్ రచయితను పిలిచాడు; మీరు మీ బల్ల దగ్గరికి విలేకరిని పిలవడం ఆ మర్యాదను తిరిగి చెల్లించడమే. 'రోబో' అన్న మాటను తన నాటకంతో లోకానికిచ్చిన కారెల్ చాపెక్ వృత్తిరీత్యా పత్రికా రచయిత. 2004లో బోస్టన్ వరల్డ్‌కాన్‌కు గౌరవ అతిథిగా వచ్చిన టెరీ ప్రాచెట్ పదిహేడేళ్ళ వయసులో చదువు మానేసి స్థానిక వారపత్రికలో విలేకరిగా చేరినవారు. మా తెలుగులో నండూరి రామమోహనరావు గారు దినపత్రిక సంపాదకులుగా ఉంటూ విశ్వం పుట్టుక మీద 'విశ్వరూపం', మానవ పరిణామం మీద 'నరావతారం' రాశారు. నా తరంలో సైన్సు పేజీలోకి వచ్చిన చాలామందికి ఆ రెండు పుస్తకాలే ప్రవేశద్వారం. పత్రికకూ ఈ సాహిత్యానికీ మధ్య రాకపోకలు ముందు నుంచీ ఉన్నాయి, మీ కార్యక్రమ పట్టికలో మాత్రం అవి సరిగ్గా కనిపించడం లేదు.

అయితే పాత్రికేయుల తప్పులను దాచిపెట్టి వారిని మీకు సిఫారసు చేయడం నా ఉద్దేశం కాదు. 1938 అక్టోబరు 30 రాత్రి అంగారకవాసులు దిగారన్న ఆర్సన్ వెల్స్ రేడియో నాటకం విని అమెరికా అంతా బెంబేలెత్తి రోడ్ల మీదికి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆ రాత్రి ఆ నాటకం విన్నవారే తక్కువ, భయపడి పరుగెత్తినవారు అంతకన్నా తక్కువ, ఆ భయాన్ని దేశమంత పెద్దది చేసినవి మర్నాటి పత్రికలు అని తరవాతి పరిశోధకులు చాలామంది తేల్చారు. తమ ప్రకటనల ఆదాయం రేడియోకు పోతోందన్న కోపం కూడా అప్పటి పత్రికలకు ఉండేది. ఈ సంగతి ఒక నవలాకారుడు చెబితే పత్రికల మీద విమర్శ అవుతుంది. ఒక విలేకరి చెబితే ఆ మర్నాటి శీర్షిక ఎలా తయారై ఉంటుందో, ఏ వాక్యం కోసేసి ఉంటారో, ఎవరికి ఫోను చెయ్యకుండా వదిలేసి ఉంటారో కూడా చెప్పగలడు.

మోడరేటర్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఎంత మంచి వక్తలను పిలిచినా చర్చ చెడిపోయేది అక్కడే. 50 నిమిషాల చర్చలో చివరి 10 నిమిషాలు సభికుల ప్రశ్నలకు పోతే, మొదటి 5 నిమిషాలు పరిచయాలకు పోతే, మిగిలిన 35 నిమిషాలు అయిదుగురు పంచుకుంటే మనిషికి 7 నిమిషాలు. ఆచరణలో పరిచయాలు 5 నిమిషాల్లో ముగియవు, ఎందుకంటే ప్రతి రచయితా తన కొత్త పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి దాని ముందు భాగం కథ కూడా చెబుతాడు. అప్పుడు మోడరేటరు అడిగే మొదటి ప్రశ్న 'ఈ విషయం మీద మీ ఆలోచనలు చెప్పండి' అన్నదైతే ఆ చర్చ అక్కడితో సరి. పాత్రికేయుడి దగ్గర నుంచి ఏమైనా రావాలంటే అతన్ని నిర్దిష్టంగా అడగాలి: ఆ రాత్రి మీకు ముందు ఎవరు చెప్పారు, మీరు ఎవరితో సరిచూసుకున్నారు, ఏం రాయకుండా ఆపేశారు, మర్నాడు ఏం తేలింది. ఇలాంటి ప్రశ్నలు నాలుగు వారం ముందు వక్తలకు పంపగలిగిన మోడరేటరును ఎంచుకోండి. ఇంకో మాట, మోడరేటరు పని కూడా పాత్రికేయుడికే ఇచ్చి చూడండి. జీవితమంతా ప్రశ్నలు వేసిన మనిషిని జవాబులు చెప్పే వైపే కూర్చోబెట్టాలన్న నియమం ఏమీ లేదు కదా. మధ్యలో ఆపడం, తిరిగి అడగడం, దాటవేసిన చోట పట్టుకోవడం అతనికి అలవాటైన పనులు.

ఇక వక్తల ఎంపిక సంగతి. 2025 ఆగస్టులో సియాటిల్‌లో జరిగిన సభకు ముందు, వక్తలుగా దరఖాస్తు చేసినవారి పేర్లను చాట్‌జీపీటీకి ఇచ్చి వారి మీద ఏవైనా అపవాదులు, వివాదాలు ఉన్నాయేమో వెతికించారని ఏప్రిల్ నెలాఖరులో నిర్వాహకులే ప్రకటించారు. యంత్రం చెప్పినదాన్ని మనుషులు పరిశీలించాకే నిర్ణయం తీసుకున్నామని, దీనివల్ల స్వచ్ఛంద సేవకుల సమయం వందల గంటలు మిగిలిందని వారి వివరణ. యూన్ హా లీ తన నవలను యువ పాఠకుల నవలకు ఇచ్చే ఆ ఏటి లోడ్‌స్టార్ పురస్కారం పోటీ నుంచి ఉపసంహరించుకున్నారు, హ్యూగో నిర్వహణ చూసే ముగ్గురు బాధ్యులు రాజీనామా చేశారు, సభ అధ్యక్షురాలు క్షమాపణ చెప్పి ఆ పరిశీలనను బయటి మనుషులతో మళ్ళీ చేయిస్తామని ప్రకటించవలసి వచ్చింది. రచయితలకు కోపం రావడానికి వారి పుస్తకాలను అనుమతి లేకుండా ఆ యంత్రాలకు మేపడం ముఖ్య కారణం. పాత్రికేయుల భయం వేరే. జర్మనీలో ఏళ్ళ తరబడి కోర్టు వార్తలు రాసిన ఒక సీనియర్ విలేకరి 2024లో తన పేరును చాట్‌జీపీటీ లాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ కోపైలట్‌లో వెతికితే, ఆయన రాసిన వార్తల్లోని నేరాలన్నీ ఆయనే చేసినట్టు అది జవాబు చెప్పింది. ఒక పేరూ ఒక నేరమూ ఒకే పుటలో పక్కపక్కన వేలసార్లు కనిపిస్తే, ఆ పేరు నేరం చేసినవాడిదో దాన్ని గురించి రాసినవాడిదో ఆ యంత్రానికి పట్టదు. వేధింపుల కేసుల మీద, మోసాల మీద ఎక్కువ రాసిన విలేకరికే ఎక్కువ మచ్చ అంటుతుందన్నమాట. మీ సభకు అందరికంటే పనికొచ్చే మనిషిని మీ జల్లెడే ముందుగా బయటికి నెట్టే ప్రమాదం ఇందులో ఉంది. దరఖాస్తులు వెయ్యి దాటినా సరే, కష్టమైనా సరే, మనుషులే చదవాలి. ఎవరి మీదైనా ఆరోపణ ఎదురైతే వారినే ఒక మాట అడగాలి. మా డెస్కులో కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి వారంలో నేర్పేది అదే.

అడగకపోతే ఏమవుతుందో మీకు 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన సభ చూపించింది. ఆ ఏటి హ్యూగో నామినేషన్ల లెక్కలు 2024 జనవరి 20న బయటికి వచ్చినప్పుడు ఆర్.ఎఫ్. క్వాంగ్ నవలతో సహా కొన్ని రచనల పక్కన, కొందరు రచయితల పేర్ల పక్కన 'అర్హత లేదు' అని ఉంది, కారణం లేదు. ఫిబ్రవరి 14న క్రిస్ ఎం. బార్క్‌లీ, జేసన్ శాన్‌ఫర్డ్ ప్రచురించిన నివేదిక ఆ కారణాన్ని బయటపెట్టింది. నిర్వహణ బృందంలోనే పనిచేసిన డయాన్ లేసీ అందించిన ఈమెయిళ్ళను బట్టి, అమెరికా, కెనడాలకు చెందిన నిర్వాహకులే నామినేట్ అయిన రచయితలు చైనా గురించి ఏమన్నారో, ఎక్కడ తిరిగారో గుట్టుగా వివరాలు సేకరించారని తేలింది. ఆ వివరాలు కూడా తప్పులే. ఒక అభిమాన రచయిత టిబెట్ వెళ్ళివచ్చాడని రాసుకున్నారు. ఆయన వెళ్ళింది నేపాల్‌కు. ఒక్క ఫోను చేసి ఉంటే తేలిపోయే సంగతి. బార్క్‌లీ, శాన్‌ఫర్డ్ మీ అభిమాన లోకానికి చెందిన రచయితలే, కానీ ఆ కొద్ది వారాలు వారు చేసింది నికార్సయిన విలేకరి పని: కాగితాలు సంపాదించడం, అవి అసలువేనా అని చూసుకోవడం, ఆరోపణ ఎవరి మీదో వారిని అడగడం, చెప్పింది చెప్పినట్టు వెయ్యడం. ఆ నివేదికా, అవే లెక్కలను అంకెల వైపు నుంచి శోధించిన ఇంకొక రచనా 2025 హ్యూగో తుది జాబితాలో ఒకే విభాగంలో చోటు సంపాదించుకున్నాయి.

2024 గ్లాస్గో సభ వారు వేరే దారి పట్టారు. ఒకే పోటీదారుకు మేలు చేసేలా వచ్చిన 377 ఓట్లు బూటకమని గుర్తించి, వాటిని తీసేసిన సంగతిని పురస్కారాల ప్రదానానికి ముందే, విలేకరులెవరూ తవ్వక ముందే, తామే ప్రకటించారు. అంకె చెప్పారు, ఎందుకు అనుమానించారో చెప్పారు. ఎవరికి అనుకూలంగా ఆ ఓట్లు పడ్డాయో ఆ పోటీదారుకు దాని గురించి తెలుసనడానికి ఆధారం లేదని, అందుకే పేరు చెప్పడం లేదని కూడా చెప్పారు. ప్రకటన అంటే అలా ఉండాలి. చెంగ్డూ, గ్లాస్గో, సియాటిల్ మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి, వాటిని బయటపెట్టినవారినీ వాటిని నిర్వహించినవారినీ పక్కపక్కన కూర్చోబెట్టి, అనుభవమున్న పాత్రికేయుడి చేతికి మోడరేటరు మైకు ఇచ్చి ఒక గంట మాట్లాడించండి. ఇలాంటి చర్చ పెడితే పాత గాయాలు రేగుతాయని మీలో కొందరు అనుకోవచ్చు. చెంగ్డూ లెక్కల పక్కన కారణం రాయకుండా వదిలేస్తే ఆ నెలంతా ఏం జరిగిందో చూశారు కదా, మౌనం వల్ల మానిన గాయం అందులో ఒక్కటీ లేదు. పైగా అనహైం వారికి ఇది కొత్త కాకూడదు. 1978 నుంచి ఈ అభిమాన లోకపు వార్తలను 'ఫైల్ 770' పేరుతో నడుపుతున్న మైక్ గ్లయర్ గారే 1996లో అదే ఊళ్ళో జరిగిన సభకు అధ్యక్షులు. వార్త రాసేవాడూ సభ నడిపేవాడూ ఎప్పుడూ శత్రువులే కానక్కర్లేదని మీ చరిత్రే చెబుతోంది.

దీనితోపాటు ఒక చిక్కు ఉంది, దాన్ని ముందే తేల్చుకోవడం మంచిది. పాత్రికేయుడు వక్తగా వచ్చాడా, వార్త కోసం వచ్చాడా? రెండూ అయితే అతని ముందు ఏం మాట్లాడవచ్చు? బల్ల మీద మైకులో చెప్పినది ఎవరైనా రాసుకోవచ్చు; వక్తలు కూర్చుని కాఫీ తాగే గ్రీన్‌రూంలో విన్నది అడగకుండా రాయకూడదు. ఈ చిన్న నియమాన్ని మీరు వక్తలకు పంపే కాగితంలో రెండు వాక్యాల్లో రాసేయండి. నియమం లేకపోవడం వల్ల ఒక చోట రచయితలు విలేకరిని చూడగానే మాట ఆపేయడం చూశాను, ఇంకో చోట ఆవేశంలో చెప్పిన మాట మర్నాడు అచ్చులో కనిపించి స్నేహాలు చెడిపోవడం చూశాను. మా వైపు నుంచి కూడా కొంత పద్ధతి పాటించాలి. పేరు చెప్పని మనుషులు తన చెవిలో చెప్పినవాటిని వేదిక మీద ఊరించే పాత్రికేయుణ్ణి మోడరేటరు అక్కడే ఆపాలి. తన యుద్ధకాలపు సాహసాలతో గంటంతా మింగేసే మా సీనియర్లు ఉన్నారు. వారి అట్టముక్కను మెల్లగా పక్కకు తిప్పినా నాకు అభ్యంతరం లేదు.

డబ్బు మాట చివర చెబుతున్నాను, చిన్నదని కాదు, మీ చేతిలో ఉన్నది తక్కువని తెలిసి. పేరున్న రచయితకు పుస్తకాల అమ్మకం ఉంది కనక సభ్యత్వ రుసుము, హోటలు ఖర్చు పెట్టుబడి కిందికి వస్తుంది. పింఛను మీద బతికే పాత్రికేయుడికీ, ముక్కకు ఇంత అని తీసుకుని రాసే ఫ్రీలాన్సరుకూ అది పూర్తిగా చేతి ఖర్చు. రుసుములో తగ్గింపు ఇవ్వగలిగితే ఇవ్వండి. అది కుదరనిచోట, 2020లో న్యూజీలాండ్ సభ మొత్తాన్ని అంతర్జాలంలోనే నడిపిన అనుభవం మీ అభిమాన లోకానికి ఉంది; దూరం నుంచి పాల్గొనే వక్తలకు కొన్ని కుర్చీలు కేటాయించండి. అనహైంలో ఉదయం 10 గంటలైతే హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర. శ్రీహరికోట గేటు దగ్గర ప్రయోగాలు చూసి రాసిన విలేకరులు ఆ వేళకు హాయిగా మేలుకునే ఉంటారు, డెస్కు అలవాటు అంత తొందరగా పోదు. చంద్రయాన్-3 2023 ఆగస్టు 23 సాయంత్రం దిగింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు నుంచి సంకేతాలు ఆగిపోయిన అర్ధరాత్రి ఏం శీర్షిక పెట్టాలో తెలియక ఒకటో పేజీ ఆపి కూర్చున్నవారు వారిలో ఉన్నారు. విజయం నాటి కథ మీకు ఎవరైనా చెబుతారు. సంకేతాలు ఆగిపోయిన ఆ రాత్రి కథ వినాలంటే వారినే పిలవాలి.

నా సభ్యత్వ రుసుము కట్టేశాను, వక్తల దరఖాస్తు కూడా నింపాను. అందులో నేను రాసిన అంశాలు మూడు: 1979 స్కైలాబ్ పుకార్లు, 1996 అంగారక ఉల్క వార్త, సభల నిర్వహణలో నిజనిర్ధారణ. వీటిలో దేనికీ చోటు లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వండి, నేను ఎప్పటిలాగే వెనక వరసలో కూర్చుంటాను. చోటు ఉంటే మోడరేటరు ఎవరో, వారు అడగబోయే ప్రశ్నలేమిటో ఆగస్టు 20 లోగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పాత్రికేయుడు